పొయ్యి లెక్క

పెద్దపల్లిలో మేముండే వీధి మలుపులో ఒక ఇస్త్రీ బండి ఉంది. సాయంత్రం పూట ఆ బండి అతను గంజి పెట్టిన నూలు చీర మీద నీళ్లు చిలకరించి బొగ్గుల పెట్టె ఆనించగానే అన్నం అడుగంటినట్టు, తడిసిన మట్టిగోడ ఎండకు ఆరుతున్నట్టు ఒక వాసన లేస్తుంది. ఆ వాసనకు అందరికీ ఉతికిన బట్టలు గుర్తుకొస్తాయేమో, నాకు మాత్రం కోపం వస్తుంది. మొన్న నేను చీరల కోసం నిలబడి ఉండగా, బండి పక్కన ఫోను చూస్తున్న పిల్లలు ఏదో దేశపు అధ్యక్షుడి ఎన్నికలో ఎవరు గెలుస్తారని వాదించుకుంటున్నారు. నేను రైస్‌ మిల్లులో లెక్కలు చూస్తానని తెలిసిన ఒకడు నా వైపు తిరిగి, "అక్కా, నువ్వు లెక్కలదానివి గద, జర నువ్వు జెప్పు, ఎవలొస్తరు?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా చీరలు తీసుకుని వచ్చేశాను. వాడు చిన్నబుచ్చుకుని ఉంటాడు. నా కోపం వాడి మీద కాదు. గెలిచేది ఎవరని నన్ను మొట్టమొదట అడిగిన రోజుకు నాకు పదకొండేళ్లు. అది కూడా ప్రెసిడెంటు ఎన్నికే, మా సాలెవాడ కులసంఘం ప్రెసిడెంటు ఎన్నిక.

మెట్‌పల్లిలో మా వాడ ఆ గంజి వాసనలోనే తెల్లవారేది. కోడి కూయకముందే ఎవరో ఒకరి ఇంటి ముందు వీధి పొడవునా కర్రలు పాతి, బట్టకు నిలువు దారాలైన పడుగు సాగదీసేవారు. జొన్నగంజిని గుడ్డలో వడగట్టి, పొడవాటి కుంచెతో దారాల మీద పూస్తూ ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నడిచేవారు. పడుగు కింది నుంచి వంగి పోవాలే తప్ప దాటకూడదని మాకు మాటలు రాకముందే నేర్పేవారు. చలికాలంలో ఆ గంజి బిగిసి దారాలు తీగల్లా మోగేవి, ఎండాకాలంలో ఇట్టే ఆరిపోయేది, వానాకాలంలో మాత్రం ఆరక పులిసి వాడంతా కంపు కొట్టేది. ఆ ముసురు రోజుల్లో మగవాళ్లు అరుగుల మీద కూర్చుని బీడీలు కాలుస్తుంటే, ఆడవాళ్లు సగం తడిసిన కట్టెలతో పొయ్యి ఊదుతూ, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె లోపల సర్వపిండి అద్ది, దానికి వేలితో చిల్లులు పెట్టి, చిల్లుచిల్లుకూ నూనె పోసేవారు. అడుగు మాడిన ముక్క కోసం మేం పిల్లలం కొట్లాడుకునేవాళ్లం. అది తింటూ అరుగు చివర ఓమనగుంటలు ఆడేవాళ్లం. చింతగింజలు ఏ గుంట నుంచి తీసి పంచితే ఏ గుంటలో ఆగుతాయో నాకు గింజలు ముట్టకుండానే తెలిసిపోయేది కాబట్టి, కొన్నాళ్లకు నాతో ఆడేవాళ్లు లేక, నేనొక్కదాన్నే రెండు వైపులా కూర్చుని ఆడుకునేదాన్ని.

మగవాళ్లు మగ్గం గుంతలో కాళ్లు వేలాడేసి నేస్తే, ఆడవాళ్లు రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేవారు. కండె అంటే పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారం చుట్టిన పుల్ల. అది లేకపోతే నాడె ఉత్త కట్టెముక్క. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు. మా అవ్వ వంట చేస్తూ, నన్ను తిడుతూ, పక్కింటామెతో ముచ్చట పెడుతూ చుట్టినా ఆమె కండెలో దారం ఎక్కడా వదులు ఉండేది కాదు.

ఇక పొయ్యి సంగతి చెప్పాలి. మా వాడలో లెక్క విషయం వచ్చినప్పుడు ఇల్లు అనేవారు కాదు, పొయ్యి అనేవారు. ఒకే కప్పు కింద ముగ్గురు అన్నదమ్ములుండి మూడు మూలల్లో మూడు పొయ్యిలు వెలిగితే అవి మూడు లెక్క. అత్తాకోడళ్లకు పడక పొయ్యి వేరు పడ్డ నాడు సంఘానికి ఒక చందా పెరిగేది, ఒక ఓటూ పెరిగేది. రాఖీ పున్నమికి మార్కండేయుడి గుడి చందా వసూలు చేసి, ఇచ్చిన పొయ్యికి గుర్తుగా గడప పక్కన గోడ మీద జాజుతో ఎర్రని బొట్టు పెట్టి పోయేవారు. పండుగ నాటికి వాడంతా ఆ బొట్లతో కళకళలాడేది, గారెల వాసన వీధి దాటి బస్టాండు దాకా పోయేది.

ప్రెసిడెంటు ఎన్నిక వచ్చినప్పుడు పొయ్యికి రెండు కండెలు ఇచ్చేవారు, ఒకటి ఎర్ర దారంది, ఒకటి తెల్ల దారంది. పోటీలో ఉన్న ఇద్దరికీ ఒక్కో రంగు. గుడి వెనక అర్రలోకి పోయి, నచ్చిన కండెను ఓటు కుండలో, రెండోదాన్ని పక్కన ఉన్న గంపలో వేసి రావాలి. భర్త పోయిన ఆడవాళ్లూ, భర్త భీవండికో దుబాయికో పోయిన ఆడవాళ్లూ కూడా కొంగు సర్దుకుని వచ్చి తమ పొయ్యి తరఫున కండె వేసి పోవడం నేను కళ్లారా చూశాను. ఆ కండెలన్నీ చుట్టి ఇచ్చేదీ ఆడవాళ్లే.

ఒకసారి హోటల్ రేడియోలో దేశానికి రాష్ట్రపతి ఎన్నిక అని విని ఇంటికొచ్చి, "ఆయినకు గూడ పొయ్యికో ఓటేనా బాపూ?" అని అడిగాను. బాపు మగ్గం ఆపి, "ఢిల్లీల పొయ్యిలుండయి బిడ్డా, గ్యాసుంటది" అన్నాడు. అని తనే నవ్వి, ఆ నవ్వు దగ్గులోకి దిగి, దగ్గు ఎంతకూ ఆగక అవ్వ పరుగెత్తుకొచ్చి వీపు రాసింది. ఆ చలికాలం బాపు దాటలేదు.

బాపు పోయాక అవ్వ మగ్గం గుంతలోకి దిగింది. ఆయన పక్కన కూర్చుని ఇన్నేళ్లూ చూసిన పనే కాబట్టి రెండో నెలకే పంచె అంచు తప్పు లేకుండా తీసింది. కాని నూలు పంచేది సంఘం ప్రెసిడెంటు. అప్పటి ప్రెసిడెంటు కొమురయ్య వాడకు పెద్ద, వరసకు అవ్వకు మామ, నాకు తాత. మడత నలగని తెల్ల ధోతి కట్టి, అరుగు మీద సున్నం డబ్బీ ముందు పెట్టుకుని, ఆకు వక్క నములుతూ పొద్దంతా కూర్చునేవాడు. తనకు నచ్చిన ఇళ్లకు నిండుగా నూలు, నచ్చని ఇళ్లకు అరకొర, ఆడమనిషి కూర్చున్న మగ్గానికి అసలే లేదు. "మొగోడు నేసే మగ్గానికే నూలు, ఆడిదానికి రాట్నం ఉండనే ఉన్నది" అన్నాడు అవ్వతో. ఆయన మీద పోటీకి దిగినవాడు రాజేశం, బాపుకు చిన్నాయిన కొడుకు, నాకు చిన్నాయిన. అతడు గెలిస్తే ఎవరు నేస్తే వాళ్లకే నూలని మా గడపలో నిలబడి మాటిచ్చాడు. కాబట్టి మా ఇంట్లో ఆ ఎన్నికకు ఒకటే అర్థం. రాజేశం గెలిస్తే బాపు మగ్గం ఆడుతుంది, కొమురయ్య గెలిస్తే ఆగిపోతుంది. అవ్వ ఎన్నికకు ముందు పదిహేను రోజులూ మిగిలిన కొద్దిపాటి నూలును పొదుపుగా నేస్తూ, పగలు ఒక జానెడు నేసి దిగిపోయేది.

హోటల్లో మగవాళ్లు ఎవరు గెలుస్తారని మిర్చీ బజ్జీలు పందెం కట్టుకునేవారు. ఎవడు గట్టిగా అరిస్తే గాలి అటు ఉన్నట్టు లెక్క. నా లెక్క వేరు. నిండా నూలు దొరికిన ఇంట్లో మగ్గం దీపాలు పెట్టే దాకా ఆడేది. అరకొర దొరికిన ఇంట్లో మధ్యాహ్నం బువ్వ తిన్నాక ఆగిపోయేది. బడి నుంచి వచ్చి, వాడ ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ నేను చప్పుడు లేని ఇళ్లను లెక్కపెట్టాను. కొమురయ్యకు ఓటెందుకు వేస్తాడు, పగటిపూట మగ్గం ఆపుకుని అరుగు మీద కూర్చున్నవాడు? గోడల మీద జాజు బొట్లు చూసి పొయ్యిలను కూడుకున్నాను. మగ్గాలు ఆడుతున్న ఇళ్లు కొమురయ్య ఎర్ర కండె, ఆగిన ఇళ్లు రాజేశం తెల్ల కండె. భర్త చనిపోయిన ఆడవాళ్ల పొయ్యిలకు మా అవ్వకు లాగే నూలు లేదు గనక అవన్నీ తెల్లవే.

మగ్గం దిగాక అవ్వ చుట్టిన బీడీల కట్ట ఇవ్వడానికి పోతే హోటల్ ఎల్లయ్య ఆటపట్టించాడు.

"ఏందే లెక్కల పోరీ, గీళ్లంత లొల్లి జేస్తుండ్రు. నువ్వు జెప్పు, ఎవలు ప్రెసిడెంటు?"

"రాజేశం చిన్నాయిన. పన్నెండు పొయ్యిలు ఎక్కువొస్తయి."

"పన్నెండేనా? పదమూడు గాదా?"

"పదమూడైతె పదమూడనే జెప్పుదు గద."

హోటలంతా నవ్వింది. ఆ నవ్వు కొమురయ్య అరుగు దాకా పోయింది. మర్నాడు ఆయనే నన్ను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, చేతిలో ఇన్ని పుట్నాలూ బెల్లం ముక్కా పెట్టి, "ఎట్ల లెక్క వెట్టినవ్ బిడ్డా, తాతకు జెప్పరాదు" అన్నాడు. చెప్పాను. ఒక పెద్దమనిషి నా లెక్కను చివరిదాకా నవ్వకుండా వినడం అదే మొదలు. మధ్యలో ఒక్కటే అడిగాడు.

"మొగోడు సచ్చిపోయిన పొయ్యిలెన్ని?"

"ఇరువై తాతా. అన్ని తెల్ల కండెలే."

ఆయన సున్నం డబ్బీ మూత పెట్టి, నా తల నిమిరి, "మంచిగ జదువుకో" అన్నాడు.

ఎన్నిక నాడు అవ్వ తెల్లవారుజామునే తలంటుకుని, పెట్టెలో ఉన్న ఒక్క మంచి చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని గుడికి వచ్చింది. అక్కడ అప్పటికే మిగతా ఆడవాళ్లు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లు రాత్రి దాకా కూర్చుని చుట్టిన ఎర్ర, తెల్ల కండెలు తట్టల్లో పోసి ఉన్నాయి. కొమురయ్య లేచి నిలబడి, గొంతు సవరించుకుని, పండుగ పద్దులు చదివినంత నింపాదిగా చెప్పాడు.

"ఇయ్యాల్టి సంది పొయ్యంటె మొగోడు కూసుండి బువ్వ దినే పొయ్యి. పెద్దమనుషులం కూసుండి మాట్లాడుకున్నం. కట్టుబాటు."

అవ్వ ఒక మెట్టు ఎక్కింది.

"మామా, మొన్న పున్నానికి మా గోడకు బొట్టు వెట్టిపోయిండ్రు. గప్పుడు మాది పొయ్యే గదా?"

"చందా దేవునిది బిడ్డా. ఓటు సంఘానిది."

"మరి మీ కోడలు వేరు పడ్డది, నీ కొడుకు దుబాయిల ఉన్నడు. ఆమె పొయ్యికాడ ఏ మొగోడు కూసుంటుండు?"

"వాడు బతికున్నడు. నెలనెల వాని కాయితం వస్తది."

"మా ఆయినకాడ పోస్టాఫీసు లేదు మామా," అంది అవ్వ. "ఉంటె ఆయిన గూడ రాసేటోడు."

ఎవరో కిసుక్కుమని, వెంటనే ఆపుకున్నారు. అవ్వ రాజేశం వైపు చూసింది. అక్కడున్న వాళ్లలో కాదు అనగలిగినవాడు అతనొక్కడే. ఇది తప్పు, ఆడవాళ్లు లేకపోతే నేను పోటీలో ఉండను అని ఒక్క మాట అంటే అవతల మగ్గాలు ఆగిన మగవాళ్లంతా లేచేవారు. అతడు అవ్వ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "లొల్లి వద్దు వదినె. అందరు నా దిక్కే ఉన్నరు, ఎట్లయిన మనమే గెలుస్తం. గెలిచినంక చూసుకుందాం తియ్" అన్నాడు.

నేను అతని చొక్కా పట్టుకుని గుంజాను. "గెలువవు చిన్నాయినా. ఇరువై పోతె ఎనిమిది తక్కువైతయి."

"పో, పోయి ఆడుకోపో" అన్నాడు.

కుండ బోర్లించి లెక్కపెట్టారు. ఎర్ర కండెలు ఎనిమిది ఎక్కువ వచ్చాయి.

నా లెక్క ఒక్క పొయ్యి కూడా తప్పలేదు, మొదటిసారీ తప్పలేదు, రెండోసారీ తప్పలేదు. పదకొండేళ్ల పిల్లకు అంత పెద్ద గెలుపు ఇంకేముంటుంది? మిర్చీ బజ్జీ పందెం ఓడినవాళ్లు నన్ను మెచ్చుకోవాలి. కాని ఆ సాయంత్రం నుంచి వాడలో మొదలైన మాట వేరు. ఈ పోరి నోరు మూసుకుని ఉంటే కొమురయ్యకు తెలిసేదే కాదు, ఇరవై పొయ్యిలనూ ఈ పోరి నోరే ముంచింది అన్నారు. కొమురయ్యను ఒక్క మాట అనని మగవాళ్లు నన్ను అన్నారు, ఓటు పోయిన ఆడవాళ్లలో కూడా కొందరు అన్నారు. బడికి పోతుంటే వీపు వెనక "లెక్కల పోరి" అన్న మాట ముందటిలా ఉండేది కాదు. ఇంటికొచ్చి ఏడుస్తుంటే పక్కింటామె ఓదార్చబోయి, "చిన్నపిల్ల, దానికేమెరుక" అంది. రాట్నం తిప్పుతున్న అవ్వ ఆపకుండానే, "దానికి లెక్క ఎరుకనే. ఎరుక లేంది మీకు. పోరి నోరు అవుపడ్డది మీకు, ఆ ప్రెసిడెంటు చెయ్యి అవుపడలేదా?" అంది. ఇన్నేళ్లుగా నేను ఆ మాటనే పట్టుకుని ఉన్నాను. ఒక పిల్ల ఉన్నది ఉన్నట్టు కూడి చెప్పడం తప్పు కాదు. ఆ కూడిక నచ్చక మనుషులను తీసేసినవాడిది తప్పు, తీసేస్తుంటే చూస్తూ కాలి బొటనవేలితో నేల గీకిన మగవాళ్లందరిదీ తప్పు. నేను వాళ్లను క్షమించలేదు. వయసు వస్తే కోపం చల్లబడుతుందని అంటారు, నాకు అలా జరగలేదు.

కొన్నాళ్లకు కొమురయ్య కబురు పంపాడు. అవ్వ తన పొయ్యిని రాజేశం పొయ్యిలో కలిపేస్తే, నూలు అతని పేరు మీద ఇస్తారట, నేసేది అవ్వే నేసుకోవచ్చట. కబురు మోసుకొచ్చినవాడూ రాజేశమే. అవ్వ అతనికి చాయ్ పోసింది, తాగేదాకా ఆగింది, తర్వాత "నా పొయ్యి నేను ఆర్పుకోను, పో" అంది. తర్వాతి ఎన్నికలో రాజేశం ప్రెసిడెంటు అయ్యాడు. మగవాళ్ల పొయ్యిలతోనే అయ్యాడు, ఆ కట్టుబాటును అలాగే ఉంచాడు.

నూలు అయిపోయింది. అవ్వ మగ్గం విప్పించింది. దాని దోనెలూ పలకలూ వంటకట్టెలయ్యాయి. ఇంటి మధ్యలో గుంత మాత్రం నోరు తెరుచుకుని ఉండేది, చీకట్లో నేనే రెండుసార్లు పడ్డాను. మట్టి తోలించి పూడ్పిద్దామంటే అవ్వ వద్దంది. రోజూ పొద్దున పొయ్యిలో బూడిద తీసి, తట్టలో మోసుకొచ్చి, ఆ గుంతలో పోసి కాలితో తొక్కేది. బతుకమ్మ పండుగ నాడు కూడా ముందు ఆ పని చేసి, తర్వాతే నాకు గునుగు పూలు కోసుకు రమ్మని తట్ట ఇచ్చేది. అంట్లు తోముకోవడానికి బూడిద అడిగితే పక్కింటివాళ్లకు పిడికెడు కూడా ఇవ్వలేదు. నేను ఏడో తరగతిలో బడి మానేసి ఆమె పక్కన బీడీలు చుట్టడం మొదలుపెట్టేనాటికి గుంత నిండింది. పైన పేడతో అలికి, ముగ్గు వేసి, అక్కడే చాప వేసుకుని పడుకునేది.

లెక్కలు నేను ఆ తర్వాత సొంతంగానే నేర్చుకున్నాను, కిరాణా పొట్లాల కాగితాల మీద, మిల్లు గోడల మీద. రాష్ట్రపతి ఎన్నికలో ఒక్కో ఎమ్మెల్యే ఓటుకు ఆ రాష్ట్రం జనాభాను బట్టి విలువ కడతారని, ఆ జనాభా ఎప్పటిదో పాత లెక్క అని పేపర్లో చదివినప్పుడు, బాపు ఉంటే ఆనాటి నా ప్రశ్నకు నేనే జవాబు చెప్పేదాన్ని కదా అనిపించింది. ఢిల్లీలోనూ ఉన్నది పొయ్యి లెక్కే. టీవీలో కూర్చుని ఎవరు గెలుస్తారో చెప్పేవాళ్లు ఎన్ని శాతాలైనా చెప్పనీ, నేను చూసేది ఒకటే, ఎవరిని కూడి చెబుతున్నారు, ఎవరిని వదిలేసి చెబుతున్నారు అని.

మా వాడలో ఇప్పుడు ఒక్క మగ్గం లేదు. కొందరు సిరిసిల్ల పవర్‌లూముల్లోకి, కొందరు భీవండికి, ఎక్కువమంది గల్ఫుకు పోయారు. పడుగు సాగదీసిన వీధిలో మోటారు సైకిళ్లు నిలిపి ఉంటాయి. కండె అంటే ఏమిటో నా బిడ్డకు చేతులతో చూపించి చెప్పాల్సి వచ్చింది. గుడి వెనక అర్ర ఫంక్షన్ హాలు అయింది, దాని గోడకు నల్లరాతి మీద ప్రెసిడెంట్ల పేర్లు చెక్కించారు, కొమురయ్యదీ ఉంది, రాజేశందీ ఉంది. అందరి ఇళ్లలోనూ గ్యాసే. సర్వపిండి మాడిన ముక్క ఎవరికీ అక్కర్లేదు.

అవ్వ పోయాక ఇల్లు అమ్మేశాం. కొన్నది మస్కట్‌లో పని చేసి వచ్చిన ఒక తమ్ముడు, మంచివాడు, పండుగలకు ఫోను చేస్తాడు. మొన్న వానలు పడ్డాక చేసి, ముందు క్షేమం అడిగి, ఆ తర్వాత చెప్పాడు.

"అక్కా, గా నడిమి అర్రల టైల్స్ మల్ల కుంగినయి. రెండుసార్లు సిమెంటు పోయించిన, ఆగుతలేదు. మేస్త్రీ పరేషాన్ అయితుండు. తవ్వితె అంత బూడిదే వస్తాందట. కింద ఏమున్నదక్కా గక్కడ?"

"పొయ్యి" అన్నాను.

"పొయ్యా? గంత లోతుకా?"

"ఆఁ. గంత లోతుకు."

అతనికి అర్థం కాలేదు, మట్టి పోయించి గట్టిగా దిమ్మిస వేయించమంటావా అని అడిగాడు. వేయించుకో తమ్మీ, ఇల్లు నీది అన్నాను. అది ఎన్ని తట్టల బూడిదో ఎప్పుడైనా లెక్కపెట్టావా అని అతను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్ని.